గడ్డకట్టే చలిలో స్పిరిట్ పొయ్యి ఎందుకు మొరాయిస్తుంది?

(దృశ్యం: గౌతమి పాయలో ఇసుక తిన్నె, జనవరి నెల తెల్లవారుజాము. పొగమంచు వెనుక జొన్నాడ వంతెన స్తంభాలు లీలగా కనిపిస్తున్నాయి. ఇసుక మీద చిన్న ఇత్తడి పొయ్యి, స్టీలు గిన్నె, అగ్గిపెట్టె, చీపురు పుల్లల కట్ట ఉన్నాయి.)

నమస్కారం. పుష్యమాసపు చలి అంటే మన కోనసీమలో ఒక శాలువా, తలకు ఒక మఫ్లరు, భోగి నాటి మంట, అంతే. పాదరసం పదిహేడు, పద్దెనిమిది డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. అటువంటి ప్రాంతంలో కూర్చుని గడ్డకట్టే చలిలో స్పిరిట్ పొయ్యి వాడకం గురించి చెప్పడం కొందరికి విడ్డూరంగా తోచవచ్చు. అయితే డిసెంబరు వచ్చిందంటే మన రావులపాలెం, అమలాపురం, భీమవరం కుర్రాళ్లు లంబసింగికి టెంటు వేసుకుని పోతున్నారు, ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ దాకా మంచు ఎక్కడానికి వెళుతున్నారు. వారిలో చాలామంది ముందు ఇంటి డాబా మీద టీ కాచి చూసుకుని, పొయ్యి బాగానే పని చేస్తోందని ధీమాతో సంచీలో పెట్టుకుంటారు. డాబా మీద పనిచేసిన పొయ్యి కొండ మీద ఎందుకు పని చేయదో ఈ తిన్నె మీదే చూపించవచ్చు. దానికి నాకు కావలసినది చేపల పెట్టెల్లో వేసే ఐసు ఒక ముక్క, గుప్పెడు రాళ్ల ఉప్పు.

(దృశ్యం: పొయ్యిని దగ్గరగా చూపాలి. అంచు చుట్టూ వరుసగా సన్నని రంధ్రాలు, మధ్యలో గుంట.)

ముందు ఈ పొయ్యి ఏమిటో చూద్దాం. దీనికి పంపు లేదు, సిలిండరు లేదు, వాల్వు లేదు. మధ్య గుంటలో స్పిరిట్ పోసి వెలిగిస్తే మొదట గుంటలోంచి మంట లేస్తుంది. ఆ వేడికి రెండు గోడల మధ్య ఉన్న స్పిరిట్ ఆవిరై, అంచు రంధ్రాల గుండా బయటికి వచ్చి, పువ్వు రేకుల్లా చుట్టూ మండుతుంది. స్వీడన్ దేశంలో 1925లో మొదలైన ట్రాంగియా సంస్థ ఈ తరహా పొయ్యికి ప్రపంచమంతటా పేరు తెచ్చింది. ఖాళీ కూల్‌డ్రింక్ డబ్బాలు రెండు కోసి, ఒకదానిలో ఒకటి దించి ఇంట్లో చేసుకునే పొయ్యి కూడా ఇదే సూత్రంతో నడుస్తుంది. చెడిపోవడానికి ఇందులో భాగాలంటూ లేవు కనుక దీన్ని నమ్ముకున్నవాళ్లు ఎక్కువ. నేనూ అందులో ఒకడిని, అందుకే దీని లోపాలు చెప్పే అధికారం నాకు ఉందని అనుకుంటున్నాను.

అసలు విషయం ఇది: మండేది స్పిరిట్ కాదు, స్పిరిట్ మీద పేరుకునే ఆవిరి. ద్రవం ఎంత ఉన్నా, పైన గాలిలో చాలినంత ఆవిరి కలవకపోతే అగ్గిపుల్ల చూపించినా అంటుకోదు. ఆవిరి అంటుకునేటంత మోతాదులో లేవడానికి ద్రవం కనీసం ఒక ఉష్ణోగ్రతలో ఉండాలి. దానిని ఇంగ్లీషులో ఫ్లాష్ పాయింట్ అంటారు. స్పిరిట్‌లో ప్రధానంగా ఉండే ఆల్కహాలు పేరు ఇథనాల్; స్వచ్ఛమైన ఇథనాల్‌కు అది సుమారు 13 డిగ్రీల సెల్సియస్. నీటి అంశం ఐదు శాతం ఉన్న మామూలు స్పిరిట్‌కు సుమారు 17 డిగ్రీలు. పెట్రోలుకు సున్నాకు నలభై డిగ్రీలు కిందనే. అందుకే పెట్రోలు ఎంత చలిలోనైనా భగ్గుమంటుంది, స్పిరిట్ మాత్రం బుజ్జగిస్తే గాని వెలగదు.

ఇప్పుడు ఈ తిన్నె మీద ఉన్న ఉష్ణోగ్రతను గమనించండి.

(దృశ్యం: థర్మామీటరు. పాదరసం 18 దగ్గర.)

మన డెల్టాలో శీతకాలపు తెల్లవారుజాము సరిగ్గా ఆ గీత మీద నిలబడి ఉంది. ఒక పుల్లకు వెలగకపోతే రెండో పుల్లకు వెలుగుతుంది, అందుచేత ఇక్కడ మనకు లోపం తెలియదు. ఇంకో పది డిగ్రీలు తగ్గితే ఏమవుతుందో చూడడానికే ఐసు తెచ్చాను.

(దృశ్యం: స్టీలు గిన్నెలో పగలగొట్టిన ఐసు, దాని మీద రాళ్ల ఉప్పు చల్లి కలుపుతున్నారు. ఐసు మధ్య పొయ్యి కూర్చోబెట్టి, అందులో సిరప్ మూతతో కొలిచి 30 మిల్లీలీటర్ల స్పిరిట్ పోస్తున్నారు. పది నిమిషాల విరామం.)

చేతితో తిప్పే ఐస్‌క్రీము పీపా చూసినవారికి ఈ ఉపాయం తెలిసే ఉంటుంది: ఐసుకు ఉప్పు తోడైతే ఆ మిశ్రమం సున్నా కంటే బాగా కిందికి దిగుతుంది. పొయ్యి గోడ మీద తెల్లగా మంచు పేరుకుంది, చూడండి. స్పిరిట్ మాత్రం గడ్డకట్టలేదు, గడ్డకట్టదు కూడా, ఎందుకంటే ఇథనాల్ గడ్డకట్టాలంటే సున్నాకు 114 డిగ్రీలు కిందికి పోవాలి. ఇప్పుడు అగ్గిపుల్ల గీసి ముంచుతున్నాను.

(దృశ్యం: అగ్గిపుల్ల ద్రవంలో చుయ్యిమని ఆరిపోతుంది. రెండో పుల్లను అంచున చాలాసేపు పట్టుకుంటారు. నీలి మంట ఒకటి మినుకుమని లేచి ఆరిపోతుంది.)

నీళ్లలో ముంచినట్టే ఆరిపోయింది. మండే ద్రవంలో నిప్పు ఆరిపోవడం కంటితో చూస్తే గాని నమ్మశక్యం కాదు. లంబసింగిలో ఒక డిసెంబరు రాత్రి మా ఐదుగురికీ జరిగింది ఇదే. సగం అగ్గిపెట్టె ఖాళీ చేసి, దుకాణదారుడు నీళ్లు కలిపిన స్పిరిట్ అంటగట్టాడని తీర్మానించుకుని, ఆయనను నోరారా తిట్టుకుని, చల్లటి అటుకులు నమిలి పడుకున్నాము. ఆయన తప్పు ఇసుమంతైనా లేదని ఇంటికి వచ్చాక తెలిసింది. అదే సీసాలో స్పిరిట్ మా వంటింటి గట్టు మీద తొలి పుల్లకే అంటుకుంది.

ఈ సంగతి విని నవ్వినవారు మా పెదనాన్నగారు. ఆయన చిన్నతనంలో పెళ్లి ఊరేగింపులకు పెట్రోమాక్స్ లైట్లు అద్దెకు ఇచ్చేవారు. "ఒరేయ్ అబ్బాయ్, లైటు కింద ఉన్న చిన్న గిన్నెలో స్పిరిట్ పోసి ముందు గొట్టాన్ని ఎందుకు కాల్చేవాళ్లమనుకున్నావు? కిరసనాయిలు ఆవిరైతే గాని మేంటిల్ పట్టుకోదురా. నీ పొయ్యికీ అంతే, ముందు దానికి వెచ్చదనం చూపించు," అన్నారు. మన వంటిళ్లలో ఒకప్పుడు బుస్సుమంటూ మండిన పంపు స్టవ్‌కూ ఇదే తంతు ఉండేది. స్వీడన్‌లో లిండ్‌క్విస్ట్ అనే ఆయన 1892లో ప్రైమస్ స్టవ్‌ను తయారు చేసిన నాటి నుంచి ఆ జాతి పొయ్యిలన్నీ వెలిగే ముందు ఒక చెంచా మంట కోరుతూనే ఉన్నాయి.

(దృశ్యం: పొయ్యి కింద లోతు తక్కువ రేకు మూత. అందులో చెంచాడు స్పిరిట్. చీపురు పుల్ల కొనకు దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి వెలిగిస్తున్నారు.)

పెదనాన్నగారి మాటను ఇలా అమలు చేయవచ్చు. పొయ్యి అడుగున ఒక రేకు మూత పెట్టి, అందులో ఐదు మిల్లీలీటర్ల స్పిరిట్ పోసి, ముందు దానిని వెలిగించాలి. మూతలో స్పిరిట్ కూడా చల్లగానే ఉంటుంది కదా అని మీరు అడగవచ్చు. అందుకే ఈ దూది. దూది పోగుల మధ్య పలుచగా పరుచుకున్న స్పిరిట్ అగ్గిపుల్ల వేడికి క్షణంలో వేడెక్కి ఆవిరవుతుంది, ప్రమిదలో నూనె అంటుకోకపోయినా వత్తి అంటుకున్నట్టే. వత్తి అంటుకుంటే మూత అంటుకుంటుంది, మూత మంట పొయ్యి అడుగును వేడి చేస్తుంది, అర నిమిషంలో గుంటలో స్పిరిట్ దానంతట అదే మంట అందుకుంటుంది. చలికోసమే గుంటలో ఫైబర్‌గ్లాసు లేదా కార్బన్ ఫెల్టు వత్తి అమర్చిన పొయ్యిలు కూడా ఉన్నాయి. అవి వెలగడంలో చురుకు, మంటలో కాస్త నెమ్మది.

ఇంతకంటే తేలికైన ఉపాయం మరొకటి ఉంది. వెలిగించడానికి పావుగంట ముందు ఆ పూటకు కావలసిన స్పిరిట్‌ను మాత్రం చిన్న ప్లాస్టిక్ సీసాలో పోసి, మూత బిగించి, చొక్కాకూ స్వెట్టరుకూ మధ్య జేబులో పెట్టుకోండి. ఒంటి వేడికి అది ఇరవై డిగ్రీలు దాటుతుంది. పొయ్యిని కూడా చేతుల మధ్య కాసేపు పట్టుకోండి, లేకపోతే చల్లటి ఇత్తడి ఆ వేడినంతా పీల్చేసుకుంటుంది. సీసా మూత కారుతుందేమో ముందు రోజే తలకిందులుగా పెట్టి పరీక్షించాలి. సున్నాకు పదిహేను డిగ్రీలు కింద ఉన్న స్పిరిట్ ద్రవంగానే ఉంటుంది కాబట్టి, అది వేళ్ల మీద ఒలికితే అంత చలినీ చర్మానికి ఇచ్చి, ఆపైన ఆవిరవుతూ ఇంకా వేడిని లాక్కుంటుంది. సూది వేసే ముందు నర్సు దూదితో స్పిరిట్ అద్దినప్పుడు చల్లగా తగులుతుంది కదా, ఆ చల్లదనమే కొండ మీద వేళ్లను మొద్దుబార్చి మంచు కాటు దాకా తీసుకుపోగలదు. చేతి తొడుగు లేకుండా స్పిరిట్ పోయవద్దు.

మరో చిన్న మాట. ఐదు రూపాయలకో పది రూపాయలకో కొనే గ్యాసు లైటరులో ప్రధానంగా ఉండేది బ్యూటేను. అది సున్నాకు అర డిగ్రీ కింద వాయువుగా మారడం మానేస్తుంది. లైటరునూ జేబులోనే ఉంచండి, అగ్గిపెట్టెను ప్లాస్టిక్ కవరులో చుట్టి వెంట తీసుకెళ్లండి.

(దృశ్యం: గిన్నెలో లీటరు గోదావరి నీళ్లు. పక్కన దగ్గు మందు సీసా మూతలో 5, 10, 15 గీతలు దగ్గరగా కనిపించాలి.)

ఇక ఎంత స్పిరిట్ కావాలి? చాలామంది ఒక సీసా తీసుకుని బయలుదేరుతారు, లెక్క వేయరు. ఈ లెక్క ఒక్కసారి చేసుకుంటే యాత్ర అంతటికీ పనికొస్తుంది, కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం. ఒక మిల్లీలీటరు స్పిరిట్ పూర్తిగా మండితే సుమారు 20 కిలోజౌళ్ల వేడి వస్తుంది. ఈ గోదావరి నీళ్లు ఇప్పుడు 24 డిగ్రీలు ఉన్నాయనుకుందాం. లీటరు నీటిని మరిగించడానికి సుమారు 318 కిలోజౌళ్లు, అంటే పదహారు మిల్లీలీటర్లు సరిపోవాలి. కానీ మంటలో సగం వేడి గిన్నె పక్కలనుంచి గాలిలోకి పోతుంది కనుక ముప్పై రెండు మిల్లీలీటర్లు పోయాలి. సిరప్ మూతతో రెండు నిండు మూతలూ, పైన మరి కాసిన్ని చుక్కలూ.

ఇప్పుడు అదే లీటరు కేదార్‌కంఠ దగ్గర, మంచు కరిగించి చేసుకోవాలనుకుందాం. సున్నా డిగ్రీల మంచును సున్నా డిగ్రీల నీళ్లుగా మార్చడానికే కిలోకు 334 కిలోజౌళ్లు కావాలి. అంటే మంచు కరగడానికి పోయే వేడితో అంతే నీటిని సున్నా నుంచి ఎనభై డిగ్రీల దాకా కాచవచ్చు. గిన్నె కింద పొయ్యి మండుతూనే ఉంటుంది, థర్మామీటరు మాత్రం సున్నా దగ్గరే బిగుసుకుని కూర్చుంటుంది. సున్నాకు కింద ఉన్న మంచు సున్నా దాకా రావడం, కరగడం, ఆ తర్వాత కాగడం అన్నీ కలిపితే ఏడు వందల కిలోజౌళ్లు దాటుతుంది. గాలి, చలి కలిసి సగానికంటే ఎక్కువ వేడిని ఎత్తుకుపోతాయి కనుక లీటరుకు 70 నుంచి 90 మిల్లీలీటర్లు పెట్టుకోవాలి. మనిషికి రోజుకు మూడు లీటర్ల నీళ్లు అనుకుంటే పావు లీటరు స్పిరిట్ నీటికే అయిపోతుంది, వంట సంగతి తర్వాత.

ఇక్కడ నా అభిప్రాయం దాచుకోను. మంచు కరిగించుకుంటే గాని నీళ్లు దొరకని యాత్రకు స్పిరిట్ పొయ్యి సరైనది కాదు. కిలో స్పిరిట్‌లో ఉన్న వేడి కిలో గ్యాసులో ఉన్నదానిలో సుమారు సగానికి పైచిలుకు మాత్రమే, కాబట్టి రోజులు పెరిగిన కొద్దీ బరువు పెరుగుతుంది. పారే వాగు, ఊట, చెలమ దగ్గరలో ఉండి, ఒకటి రెండు రాత్రులు గడిపే లంబసింగి, అరకు తరహా చలికి మాత్రం ఇంతకంటే నిశ్శబ్దమైన, మొండి పొయ్యి మరొకటి లేదు. పంపు స్టవ్ రొదలో పిట్ట కూత వినపడదు. దీని దగ్గర గిన్నెలో నీళ్లు సన్నగా పాడడం కూడా వినిపిస్తుంది.

వండే పదార్థం సంగతి కూడా మన డెల్టావాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే మనం ఎక్కడికి పోయినా బియ్యం మూట విప్పుతాం. ఎత్తు పెరిగిన కొద్దీ, ప్రతి మూడు వందల మీటర్లకూ సుమారు ఒక డిగ్రీ చొప్పున, నీరు తక్కువ వేడికే మరుగుతుంది. 3,800 మీటర్ల ఎత్తున అది 87 డిగ్రీల దగ్గరే కళపెళమంటుంది, మెతుకు మాత్రం పలుకుగానే ఉంటుంది, స్పిరిట్ తరుగుతూ ఉంటుంది. కుక్కరు మోసుకుపోలేని చోట అటుకులు, వేయించిన ఉప్మా రవ్వ, సేమ్యా మేలు. నీళ్లు మరిగాక పదార్థం వేసి, మంట ఆర్పి, గిన్నెను పాత ఉన్ని శాలువాలో చుట్టి పావుగంట వదిలేస్తే మిగతాది లోపలి వేడే చూసుకుంటుంది. ఉడికిన అన్నాన్ని వేడిగా ఉంచడానికి మన అమ్మమ్మలు గిన్నెను గోనెలో చుట్టి పెట్టినది ఇదే పద్ధతి.

(దృశ్యం: నూనె డబ్బా రేకును కత్తిరించి గుండ్రంగా వంచిన గాలి అడ్డు. కింద వేలు వెడల్పు ఖాళీలు.)

గాలికి అడ్డు లేకపోతే పైన చేసిన లెక్క అంతా వృథా. స్పిరిట్ మంట బలహీనమైనది, నది మీది తేలిక గాలికే పక్కకు వాలిపోయి గిన్నెను వదిలేస్తుంది. ఇది పదిహేను లీటర్ల నూనె డబ్బా రేకు. గిన్నెకూ రేకుకూ మధ్య రెండు వేళ్ల సందు, అడుగున గాలి లోపలికి రావడానికి ఖాళీలు ఉంచాలి. గ్యాసు క్యాన్ మీద నేరుగా బిగించే పొయ్యికి ఇలా చుట్టూ కట్టేస్తే క్యాన్ వేడెక్కి పేలే ప్రమాదం ఉంది, కానీ దీనిలో పేలడానికి పీడనం కింద ఉన్న ఇంధనం లేదు కనుక దగ్గరగా కట్టవచ్చు. పొయ్యిని మంచు మీద గాని, తడి రాయి మీద గాని నేరుగా పెట్టకండి. ఒక చెక్క పలకకు వంటింటి అల్యూమినియం కాగితం చుట్టి దాని మీద పెట్టండి. గిన్నె మీద మూత ఉండి తీరాలి.

ఏ స్పిరిట్ కొనాలనే ప్రశ్న చాలామంది అడుగుతుంటారు. చెరకు మడ్డి నుంచి ఆల్కహాలు తీయడం మన గోదావరి జిల్లాలకు కొత్త కాదు, తణుకులో ఆంధ్రా షుగర్స్ 1947 నాటిది. వడ్రంగి ఫ్రెంచి పాలిష్‌కు వాడే డీనేచర్డ్ స్పిరిట్ మనకు రంగుల దుకాణాల్లో దొరుకుతుంది. ఇందులో తాగకుండా చేయడానికి మిథనాల్ వంటివి కలుపుతారు. మిథనాల్ కడుపులోకి పోతే కొద్దిపాటికే చూపు పోవచ్చు, ప్రాణం పోవచ్చు, కాబట్టి ఈ సీసాను నీళ్ల సీసాల పక్కన ఎప్పుడూ పెట్టకండి, పెద్ద అక్షరాలతో పేరు రాయండి. ఐసోప్రొపైల్ ఆల్కహాలు మండుతుంది గాని, పసుపుపచ్చని మంటతో గిన్నె నిండా మసి పూస్తుంది. శానిటైజరులో నీరు ఎక్కువ. మసి తగ్గడానికి స్పిరిట్‌లో పదోవంతు నీళ్లు కలపమనే సలహా వెచ్చని రోజులకు మంచిదే, చలిలో మాత్రం వద్దు, నీరు పెరిగిన కొద్దీ ఫ్లాష్ పాయింటు పైకి పోతుంది. నలభై శాతం మద్యానికి అది 26 డిగ్రీలు. చలికాలపు పొయ్యిలో బ్రాందీ పోస్తే పొయ్యీ వెలగదు, పోసినవాడికి మనశ్శాంతీ ఉండదు.

ఇక్కడి నుంచి రైల్లో స్పిరిట్ తీసుకెళ్లకండి. మండే పదార్థాలను రైల్లో తీసుకెళ్లడం 1989 నాటి రైల్వే చట్టం 164వ సెక్షన్ కింద నేరం, మూడేళ్ల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. విమానంలోనూ కుదరదు. దిగిన ఊళ్లో కొనుక్కోండి. రిజర్వు అడవిలో నిప్పు రాజేయడానికి అటవీ శాఖ అనుమతి ఉందో లేదో ముందే అడగండి.

(దృశ్యం: ఎండ పైకి వచ్చింది. పొయ్యి మండుతున్నదో లేదో కెమెరాకు కనిపించడం లేదు. అంచు మీదికి చీపురు పుల్ల తెస్తే కొన భగ్గున అంటుకుంటుంది.)

నా కంటికి ఈ పొయ్యి ఆరిపోయినట్టే ఉంది. మీకూ అలాగే కనిపిస్తోంది. కానీ పుల్ల కొన ఏమైందో చూశారు కదా. స్పిరిట్ మంట నీలిరంగు, పట్టపగలు, ముఖ్యంగా ఇసుక మీదనో మంచు మీదనో మెరిసే ఎండలో కంటికి ఆనదు. ఆరిపోయిందనుకుని సీసా వంచి పోస్తే ధార వెంట మంట సీసాలోకి ఎక్కుతుంది. స్పిరిట్ పొయ్యి ప్రమాదాల్లో ఘోరమైనది ఇదే. మొదటిసారి ఇదే తిన్నె మీద నేను సీసా వంచబోతుంటే తమ్ముడు చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు, లేకపోతే ఈ వీడియో మరెవరో తీసేవారు. ఇంధనం అయిపోతే పొయ్యిని చీపురు పుల్లతో పరీక్షించి, చేతి వెనుక భాగం దూరంగా ఆడించి వేడి తగ్గిందని చూసుకుని, ఐదు నిమిషాలు ఆగి, అప్పుడే మళ్లీ పోయాలి.

చలి ఎక్కువైనప్పుడు పొయ్యిని టెంటులోకి తెచ్చుకోవాలనిపిస్తుంది. తేవద్దు. ఒలికిన స్పిరిట్‌తో గుడారం గుడ్డ అంటుకోవడం ఒక ముప్పు. మరొకటి వాసన లేని కార్బన్ మోనాక్సైడ్. చల్లటి గిన్నె అడుగు తగిలి మంట సగంలో చల్లబడినప్పుడు ఈ వాయువు ఇంకా పెరుగుతుంది, చలికి బిగించిన టెంటులో అది బయటికి పోయే దారి ఉండదు. తలనొప్పి, వికారం మొదలైతే చలి వల్లనేనని సరిపెట్టుకోకుండా వెంటనే బయటికి రావాలి.

(దృశ్యం: గిన్నెలోంచి గ్లాసుల్లోకి టీ. ఆ తర్వాత పొయ్యి మీద చదునైన రేకు మూత జారుస్తున్నారు.)

ఆర్పడం నోటితో ఊది చేసే పని కాదు, ఊదితే మండుతున్న స్పిరిట్ చిందుతుంది. ఇలా పక్క నుంచి మూత జార్చి గాలి ఆపేయాలి. పొయ్యితో పాటు వచ్చే మర మూతలో రబ్బరు వాషరు ఉంటుంది. ఇత్తడి వేడిగా ఉండగానే దానిని బిగిస్తే వాషరు కరిగి, మర్నాడు సంచీ నిండా స్పిరిట్ వాసన వస్తుంది. కాబట్టి ముందు ఈ రేకు మూతతో ఆర్పండి, టీ తాగండి, పొయ్యిని పట్టుకుంటే చెయ్యి చురుక్కుమనడం లేదని నిర్ధారించుకోండి. గుంటలో మిగిలిన స్పిరిట్‌ను చిన్న గరాటుతో సీసాలోకి వంచి, ఆ తర్వాతే మర బిగించండి.